అంటు

కూతురి తల దువ్వుతుంటే దువ్వెన నిండా జుట్టు ఊడివచ్చింది.

తల్లి పాయ తీసి చూసింది. చొక్కా గుండీ అంత మేర నున్నగా, చుట్టూ పొట్టు రాలుతూ ఉంది.

వారం కిందట బడి ఆయా ఇదే చెప్పింది. పాప తలలో తామరలా ఉందనీ, ఆలస్యం చేస్తే అక్కడ జుట్టు మళ్ళీ మొలవదనీ అంది. ఆయా తనకు వైద్యం చెప్పడమేమిటని తల్లి అప్పుడు విసురుగా వచ్చేసింది.

మర్నాడు బడి గేటు దగ్గర ఆయా వంగి పాప చెప్పు సరిచేస్తుంటే తలమీది కొంగు జారింది. నడినెత్తిన అరచెయ్యంత మచ్చ. ఒక్క వెంట్రుక లేదు.

"నీ రోగం నా బిడ్డకి అంటించావా?"

"ఇది పాతదమ్మగారూ, అంటేది కాదు. ముందు పాపని డాక్టరుకి చూపించండి."

తల్లికి కడుపు మండిపోయింది. దీని అంతు చూడందే ముద్ద దిగదనుకుంది. రెండు వారాలు ఇల్లిల్లూ తిరిగి నలభైమంది తల్లుల చేత సంతకాలు పెట్టించింది. హెడ్మిస్ట్రెస్ చేతులెత్తేసింది.

సంచీ పట్టుకుని ఆయా వెళ్ళిపోతుంటే, గేటు దగ్గరే నిలబడి కళ్ళారా చూసింది. అప్పటికి గాని ఆమె కడుపు చల్లబడలేదు.

ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఇంట్లో పిల్లి ఉందా?" అడిగాడాయన.

"చిన్న కూన. పాప పక్కలోనే పడుకుంటుంది."

తామర దాన్నుంచే వచ్చి ఉంటుందన్నాడు. పైపూత చాలదు, ఆరు వారాలు మందు మింగించాలన్నాడు. ఆయా నెత్తి సంగతి అడిగితే, అలాంటిది చిన్నప్పుడు మందు పడక మిగిలిపోయే మచ్చేనట. ఎవరికీ అంటదట.

"రెండు వారాల ముందు తెస్తే బాగుండేది. ఈ ఒక్కచోట జుట్టు వస్తుందని చెప్పలేను."

తల్లి బడికి పరుగెత్తింది. ఆయా ఊరే వదిలి వెళ్ళింది. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

హెడ్మిస్ట్రెస్ కుర్చీ చూపించి, నెమ్మదిగా చెప్పింది. ఆయా కూడా ఈ బళ్ళోనే చదివిందట. ఐదో తరగతిలో తల నిండా తామర వస్తే గుడ్డ కట్టుకుని వచ్చేదట. తోటిపిల్ల ఒకతి అందరిముందూ ఆ గుడ్డ లాగేసి, బోడిగుండని నవ్వించిందట. ఆ రోజుతో చదువు మానేసిందట.

తల్లి ఐదు చదివిందీ ఇక్కడే.

"ఆ గుడ్డ లాగింది మీరేనని, మీ పాపని చేర్చిన రోజే పోల్చుకుందట."