తప్పు వాయించని పిల్లలు

ఒక్క స్వరం తప్పగానే ఎనిమిదేళ్ల పాప వయొలిన్ పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని బూట్లు విప్పసాగింది.

“పరీక్ష మధ్యలో ఇదేంటమ్మా?” పరీక్షకురాలు నవ్వింది.

“తప్పొచ్చింది కదండీ.” పాప సాక్సు కూడా తీసి కాలు చాపింది. అరికాలంతా కమిలి ఉంది. “చేతుల మీద కొడితే వాయించలేమని మా మాస్టారు ఇక్కడే కొడతారు.”

పరీక్షకురాలు చేతిలోని కలం కింద పెట్టింది. ఆ మాస్టారి పిల్లలు తప్పు వాయించరని ఏడేళ్లుగా ఊరంతా చెప్పుకొస్తున్నది తనే.

తలుపు తోసుకుని మాస్టారు తొంగి చూశాడు. పాప బిగుసుకుపోయింది.

“ఇంకా పదకొండుమంది ఉన్నారండీ,” అన్నాడు గర్వంగా. “ఒక్కరు తప్పు వాయిస్తే ఒట్టు!”

ఆమె లేచి పాపకు అడ్డంగా నిలబడింది.

“అందరినీ లోపలికి పంపండి. మీరు మాత్రం బయటే ఉండండి.”