అమ్మోరి నగల కాపలా

"ఈ ఏడు అమ్మోరి నగలు ఎవరింట్లో దాచాలి?" సంబరాలు ముగిశాక ప్రెసిడెంటైన మా అబ్బాయి ఊరిని అడిగాడు.

కిందటేడు దాచిన భక్తుడు కాసులపేరు పోగొట్టి, అమ్మోరి కాళ్ల మీద పడి ఏడ్చి గట్టెక్కాడు.

"ఢిల్లేశ్వరరావు మాస్టారింట్లో," అన్నాను నేను.

"ఓలమ్మ! ఆయన దేవుణ్ణే నమ్మడు గదే!" అన్నాడు మా అబ్బాయి.

"అందుకేరా. తప్పు చేస్తే కాళ్ల మీద పడి ఏడవడానికి ఆయనకు ఎవరూ లేరు."

ఊరంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వకుండా లేచి, "పెట్టెకు పసుపు రాయకూడదు. నా గుమ్మంలో కొబ్బరికాయ కొట్టకూడదు," అని షరతులు పెట్టారు. గొణుక్కుంటూనే అందరూ ఒప్పుకున్నారు.

"పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఇంత నమ్మకస్తుడు దొరకడు," అంటూ మా అబ్బాయి పెట్టె ఆయన చేతికిచ్చాడు.

ఆ మాట కోసమే కాచుకున్నాను.

"మరి ఈ మాస్టారు పిల్లనడిగితే, నాస్తికుడికి ఇవ్వనన్నావేటిరా? అమ్మోరు నగలే ఇచ్చింది. నీ కూతుర్నివ్వడానికి నీకేటి నొప్పి?"

మాస్టారు గొంతు సవరించుకుని, "ఇందులో అమ్మోరి మహిమేమీ లేదండీ," అన్నారు.

నిజమే. ఉన్న మహిమంతా నాదే.