పేరు చెప్పని గుర్వమ్మ

"అత్తా, మైకు నీ చేతికి రాంగనే వాని పేరు చెప్పు. శివకుమార్ అని గట్టిగ ఒర్రు," అంది కరుణ, గుర్వమ్మ చెవిలో.

గుర్వమ్మ తల ఊపలేదు. ఊపడానికి మెడ రాదు. మర్రిగూడ ఫ్లోరైడు నీళ్లు ఎముకల్లోకి దిగి, ఆమె చూపును ఎప్పుడో నేలకు కట్టేశాయి. గొంతుకు మాత్రం ఏ రోగమూ రాలేదు. పత్తిచేను ఈ గట్టు మీద పిలిస్తే ఆ గట్టు మీది కూలీలు తిరిగి చూసేవారు.

ఆ గొంతు మీదే పడ్డాడు శివకుమార్, పింఛను సెంటర్ కుర్చీలో కూర్చున్న మొనగాడు. వేలిముద్రలు అరిగినవాళ్లకు ఫోనుతో ముఖం ఫొటో తీయాలి. తల ఎత్తమన్నాడు. ఎత్తలేనంది. గడ్డం పట్టి లేపాడు, పాపిష్టోడు! నొప్పికి ఆమె కేక పెడితే, వరుసలో అందరి ముందూ కసిరాడు.

"నోరు మూయ్ ముసల్దానా! నీ గొంతు మళ్ల నా సెంటర్ల వినబడితే పింఛను బందే."

ఆ రోజు నుంచి కోడలు కరుణ వాణ్ని తిట్టని పూట లేదు. తిట్టదా మరి! అందుకే, పింఛను యాప్‌ను సరిచేసేవాళ్లు పట్నం నుంచి వచ్చి ముసలివాళ్లను, వికలాంగులను బడిలో కూర్చోబెట్టి కష్టాలు అడుగుతున్నారని తెలియగానే అత్తను ఆటో ఎక్కించింది.

అందరూ గుండ్రంగా కూర్చున్నారు. మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి.

"నా చేతులు వణుకుతయి. ఏలు వెట్టేలోపల బటన్ మాయమైతది," అన్నాడు భీమయ్య.

చూపులేని ఐలేశం మైకు లాక్కున్నంత పని చేశాడు. "ఫోన్ల ఎవరో దొరసాని మాట్లాడుతది. ఒక్క ముక్క సమజైతే ఒట్టు!"

అందరూ నవ్వారు. పట్నం నుంచి వచ్చి అందరినీ మాట్లాడిస్తున్న సుహాసిని కూడా నవ్వి రాసుకుంది. మైకు గుర్వమ్మకు వచ్చింది. కరుణ మోచేత్తో అత్తను పొడిచింది.

"ఫోనేమో తల ఎత్తుమంటది. నా మెడ లేవది," అంది గుర్వమ్మ. గదంతా ఖంగుమంది. "ఎత్తలేనోళ్ల కాడ ఫోన్ పట్టినోడు వంగాలె. గంతే."

గంతేనా! కరుణ పళ్లు కొరికింది.

అంతా అయ్యాక సుహాసిని, "అమ్మా, జర లోపలికి వస్తవా?" అని గుర్వమ్మను, మైకుతో సహా, పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. హమ్మయ్య, చాటుగానైనా చెబుతుందిలే అనుకుంది కరుణ. చాలాసేపటికి అత్త బయటికి వచ్చింది.

"చెప్పినవా?"

"వాళ్లు చెప్పుమన్నయన్నీ చెప్పిన."

"వాని పేరు?"

"చెప్పలే. చెప్తే వాన్ని లేపి ఇంకో జాగల కూసోవెడతరు. నాకు వాడు గా కుర్చీలనే ఉండాలె."

కరుణకు ఒళ్లు మండిపోయింది. అత్తకు పౌరుషం చచ్చిపోయిందనుకుంది.

పత్తి ఏరే రోజులకు యాప్ మారిందన్నారు. మళ్లీ సెంటర్‌కు వెళ్లారు. శివకుమార్ పళ్లికిలించాడు.

"ఏందవ్వా, మీటింగుల నా పేరు ఎత్తలేదట? గిట్ల బుద్ధిగుండాలె."

ఫోను తీసి ఆమె నెత్తి మీదుగా పట్టాడు.

"ఓ బంగారీ, మెడ లేవకుంటే ఫికర్ లేదు! ఫోన్ పట్టినాయినా, నువ్వే కింద కూసో. ముఖం కాడికి ఫోన్ దించు. నిమ్మళంగ!"

గుర్వమ్మ గొంతు సెంటరంతా మోగింది. శివకుమార్ అదిరిపడ్డాడు.

"మళ్ల మొదలువెట్టినవా? నోరు మూయమన్ననా లేదా!"

"ఇంక కూసోలేదా బిడ్డా? కూసో!"

వరుసంతా ఘొల్లుమంది. ఐలేశమైతే కడుపు పట్టుకున్నాడు. ఫోను దించితే తప్ప ఫొటో పడేలా లేదు. శివకుమార్ చెమటలు కక్కుతూ ఆమె కాళ్ల ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"గట్ల! సల్లగుండు నాయినా!"

కరుణ ఆశ్చర్యంతో వంగి అత్త ముఖంలోకి చూసింది. గుర్వమ్మ పెదవులు బిగించే ఉన్నాయి.

మాట్లాడుతున్నది ఫోను.