సాలమ్మ వేసిన సున్నా

సాలమ్మ మూడోసారి కూడా సున్నా వేసింది.

యాభైకి సున్నా. ఫోన్లో ఆ అంకె చూడగానే అమూల్యకు ఒళ్లు మండిపోయింది.

ఆసుపత్రి ఆఫీసు పని నేర్పే ఆన్‌లైన్ కోర్సు అది. రిసెప్షన్, రికార్డులు, బిల్లులు అన్నీ ఆరు నెలల్లో చెబుతారు. ఆఖరి పరీక్ష ఫోన్లోనే. రోగి తరఫు మనిషిలా ఒకరు ఫోన్ చేస్తారు. కౌంటర్‌లో ఉన్నట్టు మనం జవాబు చెప్పాలి. పద్ధతికి యాభై మార్కులు టీచరు వేస్తుంది. మిగతా యాభై ఆ ఫోన్ చేసిన మనిషి చేతిలో ఉంటాయి. రెండింటిలోనూ గట్టెక్కాలి.

అమూల్య బ్యాచ్‌కు ఫోన్ చేసే మనిషి సాలమ్మ. కీసర వైపు ఆమె అని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు.

అమూల్యది శామీర్‌పేట. తుర్కపల్లిలో మందుల కంపెనీలో నాలుగేళ్లుగా నిలబడి డబ్బాలు ప్యాక్ చేస్తోంది. ఇరవై ఆరేళ్లకే మోకాళ్లు పోయాయి. ఒకటో తారీఖులోగా సర్టిఫికెట్ తెస్తే రిసెప్షన్‌లో పెట్టుకుంటామని మేడ్చల్‌లో ఒక ఆసుపత్రి వాళ్లు మాటిచ్చారు. కూర్చుని చేసే ఉద్యోగం. పాపం, ఆ పిల్లకు కావలసిందల్లా ఒక కుర్చీ.

దానికి సాలమ్మ అడ్డం పడింది.

ఆమె అడిగేది ఎప్పుడూ ఒకటే.

"అమ్మా, మా కొడుకు నగేష్. ఇరవై రెండేండ్లు. బండి మీదికెల్లి పడ్డడు. మీ దవాఖానకే తెచ్చిన్రట. ఎట్లున్నడో జెర చెప్పు బిడ్డా."

"ఫోన్లో వివరాలు చెప్పలేమండి. ఆధార్ కార్డు తీసుకుని కౌంటర్ దగ్గరికి రండి."

"రెండు బస్సులు మారాలె బిడ్డా. పానం ఉన్నదా లేదా, గదొక్కటి చెప్పు."

"సారీ అండి. మా రూలు అది."

కోర్సు నడిపే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన మార్కుల పట్టీ ప్రకారం టీచరు పద్మలత నలభై ఎనిమిది వేసింది. సాలమ్మ వెక్కి వెక్కి ఏడ్చి సున్నా వేసింది.

అమూల్య ఉండబట్టలేక, సాలమ్మ ఇంకా లైన్లో ఉండగానే అడిగేసింది.

"ఏంది పెద్దమ్మా, సున్నా ఎందుకు? నేనేం తప్పు మాట్లాడిన?"

"మాట మంచిగనే ఉన్నది బిడ్డా. కుర్చీల నుంచి లేవకపోతివి."

అమూల్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోన్ పరీక్షలో లేచి ఎక్కడికి వెళ్లాలి? సిగ్నల్ కోసం తను కూర్చున్నదే మేడమెట్ల మీద.

'ఆమెకు మతి లేదు' అని బ్యాచ్ గ్రూపులో రాసింది. తొమ్మిది మంది అవునన్నారు. వాళ్లకూ సున్నాలే మరి. అందరి తరఫునా ఫిర్యాదు అమూల్యే రాసింది. ఏడుపు మాత్రం మస్తుగా నటిస్తుంది, మార్కులు వేయడం రాదు అని.

పద్మలత ఒక్కతే వద్దన్నది.

"ఆమెను తీసెయ్యమనకున్రి. ఇంకొక్కసారి ఆమె చెప్పేది వినున్రి."

"మీకేం మేడం. పోయేది మా నౌకరీలు."



వారంలో సాలమ్మను తీసేశారు. కొత్తగా వచ్చినావిడ నలభై ఐదు వేసింది. అమూల్యకు సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. గిర్రున తిరిగే మెత్తటి కుర్చీ వచ్చింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నెల తిరక్కుండానే అమూల్య గొంతులో ఆ దర్జా వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మేడం, నా పేరు గఫూర్. మా ఇంట్లామె ఇమాంబీ. పక్కింటోళ్లు పొద్దుగాల మీ దవాఖానల చేర్పించి పోయిన్రు. ఆమె ఫోన్ ఇంట్లనే ఉండిపోయింది. నేను లారీ మీద సిద్దిపేటల ఉన్న. ఎట్లున్నది మేడం?"

"ఫోన్లో వివరాలు చెప్పలేమండి. ఆధార్ కార్డు తీసుకుని రండి."

"జల్దీనే వస్తున్న. జెర చూసి చెప్పున్రి మేడం, పరేషాన్ అయితాంది."

"సారీ అండి. మా రూలు అది."

గఫూర్ వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. అప్పటికి గంట ముందే ఇమాంబీ పోయింది.

"ఆఖరి దాకా మా ఆయన ఫోన్ జేసిండా, ఫోన్ జేసిండా అని అడుగుతనే ఉండె" అని నర్సు చెప్పింది.

గఫూర్ అరవలేదు. కౌంటర్ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నా ఫోన్ ఎత్తింది మీరేనా మేడం?"

అమూల్య తలూపింది.

"ఒక్కసారి లోపలికి పోయి చూసిన్రా?"

కౌంటర్ నుంచి ఆ వార్డు తలుపుకు ఇరవై అడుగులు. రోజూ టీకి ఆ తలుపు ముందు నుంచే వెళుతుంది.

ఆ రోజు పని ఎలా ముగించిందో ఆమెకే తెలియదు. బయటికి రాగానే ఏడుపు ఆగలేదు. అలాగే పద్మలతకు ఫోన్ చేసింది.

"మేడం, సాలమ్మ నంబర్ ఇయ్యున్రి. ఆమె కాళ్లు మొక్కాలె."

"యాడున్నదో తెల్వదు అమూల్యా. తీసేసిన నాడే ఇన్‌స్టిట్యూట్ ఫోన్ వాపస్ ఇచ్చింది. కీసరకు పోయి చూసిన. ఇల్లు ఖాళీ జేసి ఎటో పోయింది."

"ఆమెను ఏడికెల్లి తెచ్చిన్రు మేడం? గట్ల ఏడ్సుడు ఎవరు నేర్పిన్రు?"

పద్మలత ఇక దాచలేదు.

"ఆమె యాక్టింగ్ ఎన్నడూ జేయలే బిడ్డా. ఆరేండ్ల కింద దవాఖానల నగేష్ పానం పోతాంటే, కౌంటర్ల కూసొని గా తల్లి జేసిన ఫోన్ ఎత్తి ఆధార్ కార్డు తెమ్మన్నది నేనే."