షిఫ్టు సహస్రనామం

వైద్యులకు వైద్యుడైన శ్రీహరికి నమస్కరించి చెబుతున్నాను.

గోదావరిఖని కరోనా వార్డులో విష్ణు సహస్రనామం చదువుతున్న సదాశివశర్మ గారికి సగంలోనే ఆయాసం వచ్చింది.

"గిక్కడ ఆపితే నా ఆయుష్షు గూడ గిక్కడనే ఆగుతది!" అని కంగారుపడ్డారు.

పక్క మంచం మీది గని కార్మికుడు నర్సింగం లేచి కూర్చున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి పంతులూ, మిగిలిన పేర్లు నేను చెప్త."

"నీకొస్తయా?"

"దేవునియి రావు. మా షిఫ్టోళ్లయి వస్తయి. కేశవులు! మాధవరెడ్డి! తాగుబోతు గోవిందు!"

"తాగుబోతు తీసెయ్యి!" అని కసిరినా, శర్మగారు ప్రతి పేరుకూ "నమః" కలిపారు.

"ఖాజామియా!"

శర్మగారు ఆగిపోయారు. "ఆయనెవరు?"

"గా కిటికీ కాడ దగ్గుతున్నాయనే. పొద్దటి సంది ఊపిరాడుతలేదు."

తన ఆయాసం మరచి శర్మగారు చేతులు జోడించారు. "అయితే ఆయన పేరు నూటెనిమిది పార్లు చెప్పు!"

కిటికీ దగ్గరి దుప్పటి కదిలింది. "ఒక్కపారి చాలు పంతులూ, జర పండుకోనియ్యుండ్రి!"

విన్నవారందరికీ ఆ స్వామి నిండు ఊపిరిని, నిండు నవ్వును అనుగ్రహించుగాక.