పెళ్లికూతురి లెక్క

సొంతంగా పార్లర్ నడుపుకునే రాజ్యలక్ష్మి, చనిపోయిన అక్క ముఖానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తలలో పూలు తురిమింది. ముత్తయిదువను అలాగే సాగనంపాలి. చేసిన ప్రతి పనినీ లెక్క రాసే పన్నుల ఉంగరం ఆమె వేలిమీంచి పలికింది.

"పెళ్లికూతురి అలంకరణ. ఎంత తీసుకున్నారు మేడమ్?"

"మా అక్కే. డబ్బులేంటి?"

"ఉచితమైతే ఆ మాట కస్టమరే చెప్పాలి."

"అక్క పోయిందండీ."

"ఎక్కడికీ పోలేదు మేడమ్, మీ ఎదురుగానే ఉన్నారు. అడగండి."

బయట పాడె సిద్ధమైంది. ఈ లెక్క తేలకపోతే రేపు పార్లర్ తలుపు తెరుచుకోదు. రాజ్యలక్ష్మి అక్క చెవి దగ్గరకు వంగింది.

"ఊరికే చేశానని చెప్పవే అక్కా."

ఉంగరం ఒక నిమిషం ఆగింది.

"మౌనం అర్ధాంగీకారం. సగం పన్ను రద్దు చేశాం. పెళ్లికూతురికి శుభాకాంక్షలు."