అగరుబత్తుల కారు

కారు తలుపు తీయగానే అగరుబత్తుల వాసన గుప్పుమంది. డ్యాష్‌బోర్డు మీద అతికించిన వేంకటేశ్వరుడి బొమ్మకు ఫణీంద్ర దండం పెట్టుకున్నాడు.

"ఇంత పెద్ద కారు ఈ ధరకా! పాపని రోజూ ఇందులోనే కిటా ప్లేస్కూల్లో దింపొచ్చు," అన్నాడు భార్య సంయుక్తతో.

"మీరొస్తున్నారని పొద్దున్నే పూజ చేశానన్నయ్యా," అన్నాడు కారు అమ్ముతున్న మురళీధర్. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో ప్రతి శనివారం ఇద్దరూ ఒకే భజనలో కూర్చుంటారు.

సంయుక్త ముక్కు చిట్లించింది. వెనక సీటు ముందున్న మ్యాట్ ఎత్తి, కింది తివాచీని వేలితో నొక్కింది. నల్లటి నీరు ఊరింది. అగరుబత్తుల వాసనను మించి కుళ్ళు కంపు కొట్టింది.

"బండి వరదలో మునిగిందా, మురళీ?" అన్నాడు ఫణీంద్ర.

"ఛఛ! పిల్లలు అద్దం దించి వదిలేస్తే వాన పడింది, అంతే."

"ఆ మాట స్వామి మీద చెయ్యేసి చెప్పు."

మురళీధర్ చెయ్యి చాచాడు. బొమ్మను పెకలించి జేబులో వేసుకున్నాడు.

"బేరాల్లోకి దేవుణ్ణెందుకు లాగుతారన్నయ్యా? ఇంకాస్త తగ్గిస్తాలెండి."

ఫణీంద్ర బస్టాపు వైపు నడిచాడు. ఇందాక దండం పెట్టిన చేతులను దారి పొడుగునా ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి, అగరుబత్తుల పెట్టె తీసి, మళ్ళీ మూసేశాడు.

"వెలిగించరా?" అంది సంయుక్త.

"ఇవాళ్టికి వద్దులే. మనింటి వాసన ఎలా ఉందో స్వామిని చూడనీ."